సిజేరియన్ తర్వాత మూడు పట్టీల పొట్ట బెల్టు: ఏ నొప్పికి పనిచేసింది, ఏ నొప్పికి చెయ్యలేదు

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది డబ్బా మీది రాతలు చూసి.

గర్భసంచిని త్వరగా మామూలు సైజుకు తెస్తుందట. కొవ్వు కరిగిస్తుందట. పొట్ట కండరాల మధ్య వచ్చిన ఎడాన్ని మూసేస్తుందట. కాన్పు తర్వాత వచ్చే నొప్పులన్నీ మాయం చేస్తుందట. డబ్బా విప్పితే లోపల ఉన్నవి బట్ట, ఎలాస్టిక్, వెల్క్రో, నాలుగు ప్లాస్టిక్ పుల్లలు. వీటిని కలిపి కుడితే ఇన్ని పనులు జరిగేటట్టయితే ఈపాటికి నేను నా కుట్టు మిషన్ పక్కనే ఆస్పత్రి తెరిచేదాన్ని.

బట్టలు కుట్టడం నా పని. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు లోపలి వైపు తిప్పి కుట్టు చూడటం అలవాటు. ఈ బెల్టు లోపలి వైపు బాగానే ఉంది. వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీలు మూడింటిని ఒకదాని కింద ఒకటి పెట్టి, జాయింట్లు చదునుగా కుట్టారు. ఒంటికి తగిలే వైపు ఎక్కడా దారం ఉబ్బెత్తుగా లేదు. మూడు పట్టీలనూ వేరువేరుగా బిగించుకోవచ్చు. ఒకే పెద్ద ముక్కగా వచ్చే బెల్టులతో పోలిస్తే దీనిలో అసలు సుఖం ఇదే. కిందిది కాస్త గట్టిగా, మధ్యది మామూలుగా, పైది వదులుగా పెట్టుకోవచ్చు. అలాగే ఎందుకు పెట్టుకోవాలో తర్వాత చెబుతాను.

నచ్చనివి రెండు. కింది అంచును ఓవర్‌లాక్ చేసి వదిలేశారు, పైపింగ్ వెయ్యలేదు. ఆ గరుకు అంచు సరిగ్గా కోత దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఇక వెనక పుల్లలు దూర్చిన గొట్టాలకు చివర ఒక్క వరస కుట్టే ఉంది. కూర్చున్నప్పుడల్లా పుల్ల ఆ కుట్టును పొడుస్తుంది. నేను ఆ చివరలకు ఇంకో రెండు వరసలు వేసుకున్నాను. కుట్టు రానివాళ్లు పుల్లలు లాగి పక్కన పడేసినా పెద్దగా నష్టం లేదు.

ఇక నొప్పుల సంగతి. కాన్పయిన తర్వాతి వారాల్లో పొట్టలో ఒకే సమయంలో రెండు మూడు రకాల నొప్పులు నడుస్తుంటాయి. బెల్టు వాటిలో ఒకదానికే పనికొస్తుంది. ఇది దండగ వస్తువని రాసేవాళ్లలో చాలామంది మిగతా నొప్పులకు కట్టుకుని చూసి ఉంటారని నా అనుమానం.

మొదటి రోజుల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది కోత కాదు. బిడ్డ రొమ్ము పట్టి చీకడం మొదలుపెట్టిన కాసేపటికే పొత్తికడుపు బిగుసుకుని, నెలసరి నొప్పిగా మొదలై, నడుము దాకా పాకేది. చెయ్యి పెట్టి చూస్తే బొడ్డు కింద గట్టి ముద్ద తగిలేది. నా మొదటి కాన్పు మామూలు కాన్పు, అప్పుడు ఈ నొప్పి ఉందో లేదో కూడా గుర్తులేనంత తక్కువ. రెండోసారి మాత్రం పాలివ్వాలంటేనే టెన్షన్. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మని అడిగితే, "రెండో కాన్పు నుంచి ఇవి ఎక్కువే ఉంటాయమ్మా, గర్భసంచి ముడుచుకుంటోంది, మంచిదే" అన్నారు. మంచిదేనని తెలిశాక నొప్పి తగ్గలేదు గానీ భయం తగ్గింది.

ఆవిడ చెప్పిన లెక్క నాకు బాగా పట్టేసింది. బిడ్డ బయటికి వచ్చేసరికి గర్భసంచి ఒక్కటే దాదాపు కిలో బరువు ఉంటుంది. మొదటి వారం తిరిగేసరికి అది సుమారు సగం అవుతుంది. 6 వారాలు గడిచేసరికి 100 గ్రాములో, అంతకంటే తక్కువో. బిడ్డ పాలు తాగుతుంటే ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పాలను బయటికి నెట్టేదీ అదే, గర్భసంచిని ముడిచేదీ అదే. మాయ ఊడిన చోట తెరుచుకుని ఉన్న రక్తనాళాలు ఆ ముడుపులోనే నొక్కుకుపోతాయి, అలా రక్తస్రావం అదుపులోకి వస్తుంది. ఇదంతా లోపల హార్మోనూ కండరమూ కలిసి చేసుకునే పని. పైనుంచి ఎలాస్టిక్ ఎంత లాగినా దానికి చేసే సాయం ఏమీ లేదు. గర్భసంచిని మామూలు సైజుకు తెస్తుందన్న మాటను కంపెనీవాళ్లు డబ్బా మీంచి తీసెయ్యాలి.

ఆ నొప్పి లేచినప్పుడు బెల్టు బిగించి చూశాను. ఊపిరి ఆడక చిరాకు పెరిగింది, అంతే. పాలిచ్చేటప్పుడు వదులు చేసుకోవడమే నయం. దానికి పనిచేసినవి వేరే. పాలివ్వడానికి ముందు బాత్‌రూమ్‌కి వెళ్లిరావడం ఒకటి, మూత్రాశయం నిండుగా ఉంటే గర్భసంచిని పైకి, పక్కకి నెడుతుంది కాబట్టి నొప్పి ఎక్కువవుతుంది. రెండోది డాక్టరు రాసిచ్చిన మాత్రలు. నాకు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రాశారు. ఈ ముడుచుకునే నొప్పులకు ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది, సాధారణంగా పాలిచ్చే తల్లులకు ఈ రెండూ ఇస్తారు. కిడ్నీ సమస్య, కడుపులో పుండు, ఆస్తమా, బీపీ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చెప్పాలి. నొప్పి ముదిరేదాకా ఓర్చుకుని వేసుకోవడం కంటే రాసిన వేళకు వేసుకోవడం మేలు. ఇంట్లో ఎప్పటివో మిగిలిన నొప్పి మాత్రలు మింగకండి, ముఖ్యంగా కోడీన్ ఉన్నవి. అది పాలలోంచి బిడ్డకు చేరి నిద్రమత్తు, ఊపిరి ఇబ్బంది కలిగించే ప్రమాదం ఉంది. పాలిచ్చేవాళ్లు దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

బెల్టు నిజంగా పనికొచ్చింది కదలికకు. లేవడం, దగ్గడం, తుమ్మడం, నవ్వడం. సిజేరియన్‌లో పైకి కనిపించే కుట్టు ఒక్క వరసే గానీ, లోపల కొవ్వు కింద ఉండే గట్టి పొరనూ, గర్భసంచినీ విడిగా కుడతారు. పొట్ట కండరాలను సాధారణంగా కొయ్యరు, మధ్యలో పక్కకు జరుపుతారు. దగ్గినప్పుడు ఆ కండరాలు ఒక్కసారి బిగుసుకుని ఆ గట్టి పొరను లాగుతాయి. హెమ్మింగ్‌లో ఒక దారం పట్టుకుని లాగితే మడత మొత్తం ముడుచుకుని వచ్చినట్టు, ఆ ఒక్క లాగుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెలుస్తుంది. బెల్టు పొట్టను ముందు నుంచి పట్టుకుంటుంది కాబట్టి ఆ లాగుడు సగం దగ్గరే ఆగుతుంది.

ఆస్పత్రిలో మంచం దిగడం ఎలాగో నర్సమ్మ నేర్పింది. "అమ్మా, తిన్నగా లేవకండి. మోకాళ్లు ముడిచి పక్కకు దొర్లండి, కాళ్లు కిందికి జార్చండి, మోచేత్తో మంచాన్ని నెట్టుకుంటూ లేవండి." బెల్టు లేకుండా ఆ పని చేసినప్పుడు మధ్యలో ఆగి, కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టాల్సి వచ్చేది. బెల్టుతో అయితే ఆగకుండా లేచి నిలబడ్డాను. నడిచేటప్పుడు కూడా పొట్ట జారిపోతుందేమో అన్న ఆ వింత భయం లేదు, ఒంగిపోకుండా నిటారుగా నడవగలిగాను. నాకు ఈ వస్తువు మీద గౌరవం కలిగింది అక్కడే. త్వరగా లేచి నడవడం సిజేరియన్ అయినవాళ్లకు చాలా ముఖ్యం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికైనా, పేగులు మళ్లీ కదలడానికైనా.

నిజం చెప్పాలంటే దగ్గుకు బెల్టే ఉండాలని లేదు. చిన్న దిండో, మడత పెట్టిన టవలో కోత మీద పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టి దగ్గితే దాదాపు అంతే సాయం. కాకపోతే రెండు చేతులూ దానికే పోతాయి, చంకలో బిడ్డ ఉన్నప్పుడు కుదరదు. సిజేరియన్ తర్వాత బెల్టు కట్టుకుంటే నొప్పి తగ్గుతుందా అని పరీక్షించి చూసిన అధ్యయనాలు కూడా ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో తగ్గింది, కొన్నింటిలో కట్టుకున్నవాళ్లకూ కట్టుకోనివాళ్లకూ తేడా కనబడలేదు. కాబట్టి ఇది లేకపోతే ఏదో కోల్పోతున్నానని ఎవరూ బెంగపడక్కర్లేదు. నాకైతే పనికొచ్చింది.

కట్టుకునే తీరు మీద చాలా ఉంది. నిలబడి కట్టుకుంటే పొట్ట కిందికి వేలాడి ఉంటుంది, దాన్ని అలాగే బిగించినట్టవుతుంది. వెల్లకిలా పడుకుని, తుంటి ఎముకల మీద నుంచి మొదలుపెట్టి, కింది పట్టీ ముందు, పైది చివర బిగించాలి. బిగించాక రెండు వేళ్లు సులువుగా దూరాలి, గట్టిగా ఊపిరి పీల్చితే అడ్డు రాకూడదు. పైది గట్టిగా బిగించి కిందిది వదులుగా వదిలేస్తే ఒత్తిడంతా కిందికి దిగుతుంది. గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసే కటి కండరాలు కాన్పు తర్వాత అసలే నీరసంగా ఉంటాయి. కింద ఏదో బరువుగా జారుతున్నట్టు అనిపించినా, దగ్గితే మూత్రం చుక్క పడినా బెల్టు తీసేయండి. పడుకునేటప్పుడు కూడా తీసేయడమే. లేచి తిరిగే వేళల్లో కట్టుకుంటే చాలు.

గ్యాస్ నొప్పికి మాత్రం బెల్టు శత్రువు. ఆపరేషన్ తర్వాత పేగులు మందగిస్తాయి, పొట్ట ఉబ్బుతుంది, ఒక్కోసారి ఆ నొప్పి భుజం దాకా తన్నుతుంది. అప్పుడు బెల్టు విప్పి, గదిలోనే నాలుగు అడుగులు అటూ ఇటూ వేస్తేనే ఉపశమనం. మలబద్ధకం కూడా అంతే. దానికి నీళ్లు, నడక, అవసరమైతే డాక్టరు ఇచ్చే సిరప్. ముక్కితే కుట్లు ఊడతాయేమోనన్న భయంతో ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది.

కింది అంచు గరుకని చెప్పాను కదా. మెత్తని పాత నూలు బట్ట నుంచి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించి, ఆ అంచు చుట్టూ మడిచి, చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేశాను, ఉతికేటప్పుడు ఊడదీయడానికి వీలుగా. అలాంటివి రెండు ఉంటే ఒకటి ఆరుతుండగా ఇంకోటి వాడొచ్చు. కుట్టు రానివాళ్లు పలచని నూలు బనియన్ మీద బెల్టు కట్టుకుంటే సరి. చెమట పట్టి కోత దగ్గర తడి నిలవడమే అసలు ప్రమాదం. బెల్టు తీసిన ప్రతిసారీ కోతను చూసుకోవాలి, పొట్ట మడత కింద ఉంటే అద్దంలో చూసుకోవాలి. కోత చుట్టూ మొద్దుబారినట్టు ఉండటం, దురద పెట్టడం మామూలే, ఆ మొద్దుతనం నెలల తరబడి ఉండొచ్చు. ఎరుపు పక్కలకు పాకుతుంటే, వేడిగా ఉంటే, చీము గానీ వాసన గానీ వస్తుంటే, కుట్టు విడుతుంటే మాత్రం బెల్టు పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లాలి.

మూడో వారం నడుస్తుండగా నాకు ఇంకో నొప్పి మొదలైంది. కోత నొప్పి అప్పటికి బాగా తగ్గింది, పాలిచ్చేటప్పటి నొప్పి ఎప్పుడో పోయింది. ఇది పొత్తికడుపు మధ్యలో, ఎముకకు కాస్త పైన. బెల్టు కట్టినా అంతే, తీసినా అంతే. సాయంత్రానికి మూత్రం మంట, చలి. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఇది కుట్ల నొప్పి కాదే, పద" అని చెప్పులేసుకుంది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్క వేలితో చూపించండి, ఎక్కడ?" కోత మీద కాకుండా దానికి పైన వేలు పెట్టాను. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. ఆపరేషన్ సమయంలో మూత్రానికి గొట్టం వేస్తారు కదా, సిజేరియన్ తర్వాత ఇలాంటివి వస్తుంటాయట. పాలిచ్చేవాళ్లకు సరిపడే యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గింది.

ఆ రోజు అక్కడ విన్నవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఏ డబ్బా మీదా ఇవి ఉండవు. రోజు రోజుకూ తగ్గాల్సిన నొప్పి ఒకసారి తగ్గి మళ్లీ పెరుగుతోందంటే దాన్ని బెల్టు కింద దాచకూడదు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే, పొత్తికడుపు ముట్టుకుంటేనే నొప్పి పుడితే, మైల (కాన్పు తర్వాత పోయే రక్తస్రావం) దుర్వాసన వస్తుంటే గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మామూలు కాన్పు కంటే సిజేరియన్ తర్వాత అది ఎక్కువ. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కోడిగుడ్డంత గడ్డలు పడుతున్నా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మాయ ముక్క లోపల మిగిలిపోయినా ఇలా కావచ్చు, కాన్పయి వారాలు గడిచాక కూడా కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో పాటు విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే బీపీ చూపించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకు కూడా కాన్పు తర్వాత పెరగొచ్చు, 6 వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అదే చోట నొప్పి పిత్తాశయంలో రాళ్ల వల్ల కూడా రావచ్చు, గర్భం వాటి అవకాశాన్ని పెంచుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం రక్తం గడ్డకట్టిన లక్షణాలు. ఇవి పొట్టకు సంబంధించినవి కావు గానీ చెప్పకుండా వదిలేస్తే నా మనసు ఒప్పుకోదు.

కండరాల మధ్య ఎడం గురించి. గర్భం చివరి నెలల్లో పొట్ట మధ్య గీత వెంట కండరాలు విడిపోవడం దాదాపు అందరికీ జరిగేదే. చాలామందికి మొదటి వారాల్లోనే చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. బెల్టు కట్టుకున్నంతసేపూ అవి దగ్గరగా ఉన్నట్టే కనిపిస్తాయి, తీశాక ఎక్కడివి అక్కడే. ఫిజియోథెరపిస్ట్ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా పెట్టి చూసింది. ఊపిరి వదులుతూ పొత్తికడుపును మెల్లగా లోపలికి లాక్కునే వ్యాయామం, కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పింది. బెల్టు ఎప్పుడు మానెయ్యాలని అడిగితే, "అది లేకుండా దగ్గగలిగిన రోజు" అంది. ఆ రోజు వచ్చాక కూడా బయటికి వెళ్లేటప్పుడు కొన్నాళ్లు కట్టుకున్నాను, అది పూర్తిగా ధైర్యం కోసం. లోపలి పొర బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి బెల్టు ఉంది కదా అని బిడ్డ కంటే బరువైనవి మొదటి వారాల్లో ఎత్తకండి. బెల్టు ఇచ్చే ధైర్యంలో ఉన్న చిక్కు అదే.

మామూలు కాన్పయినవాళ్లు కొనొచ్చా అని మా వదిన అడిగింది. కోత లేనప్పుడు ఇది పట్టుకోవాల్సిన లాగుడు పెద్దగా ఉండదు. నడుము నొప్పి ఉండి, కట్టుకుంటే హాయిగా ఉందంటే సరే. పొట్ట తగ్గుతుందని మాత్రం కొనొద్దన్నాను.

సైజు పట్టిక నమ్మకండి. గర్భానికి ముందున్న నడుము కొలత ప్రకారం తీసుకోమని రాశారు. కాన్పయిన వారంలో ఆ నడుము ఎక్కడుంటుంది? కాన్పు తర్వాత బొడ్డు మట్టాన, తుంటి మట్టాన రెండు చోట్లా టేపుతో కొలిచి, పెద్దదాన్ని పట్టుకుని చూడండి. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకోండి. వెల్క్రో పట్టీ పొడుగ్గా ఉంది కాబట్టి పొట్ట తగ్గేకొద్దీ లోపలికి జరుపుకోవచ్చు. వెడల్పు కూడా చూసుకోవాలి. నాలా పొట్టిగా ఉన్నవాళ్లకు కూర్చుంటే పై అంచు పక్కటెముకలను నొక్కుతుంది, నేను కూర్చుని పాలిచ్చేటప్పుడు పై పట్టీ పూర్తిగా విప్పేదాన్ని.

ఉతికేటప్పుడు వెల్క్రో మూసేసి ఉతకాలి, లేకపోతే గరుకు వైపు మిగతా బట్టలన్నింటికీ పట్టుకుని దారాలు లాగేస్తుంది. చల్లని నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా, నీడలో పరిచి ఆరేయాలి. వేలాడదీస్తే తడి బరువుకు ఎలాస్టిక్ సాగుతుంది. గరుకు వైపు చేరిన నూగును పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది. అన్నిటికంటే ముందు అరిగింది కింది పట్టీ, ఎక్కువ పని దానిదే కాబట్టి.

రంగు గురించి ఒక్క మాట. నలుపు, లేత గోధుమ రంగు రెండూ వస్తున్నాయి. మరక కనబడదని నలుపు తీసుకుంటారు చాలామంది. లేత రంగే తీసుకోండి. కోత నుంచి నీరు ఊరినా, రక్తం చెమ్మ తగిలినా బెల్టు విప్పిన వెంటనే కనిపిస్తుంది.